మాత్ర మానేయమని ఎపిజెనెటిక్స్ చెప్పలేదు

థైరాయిడ్ ఉన్నవాళ్ళకి కొన్నేళ్ళుగా ఒక ఉపదేశం అందుతోంది. "మీ జబ్బు మీ జన్యువుల్లో లేదు, మీ అలవాట్లలో ఉంది. జన్యువుల్ని ఆన్ చేసేదీ ఆఫ్ చేసేదీ మీరే. సైన్స్ దీన్నే ఎపిజెనెటిక్స్ అంటోంది. తిండి మార్చుకోండి, ఆలోచన మార్చుకోండి, మూడు నెలలు తిరక్కుండా మాత్రల డబ్బా అవతల పారేయొచ్చు." ఈ మాట యూట్యూబ్‌లో వినిపిస్తుంది, చుట్టాల వాట్సాప్ గ్రూపులో వినిపిస్తుంది, యోగా శిబిరాల్లో వినిపిస్తుంది. ఒకప్పుడు ధనియాల నీళ్ళు తాగమని ఊరికే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ నీళ్ళు మిథైలేషన్‌ని సరిచేస్తాయని కూడా కలుపుతున్నారు. చదువుకున్నవాళ్ళు సైతం నమ్ముతున్నది ఈ రెండో మాట చూసే.

ఈ వాదం తప్పు. మొత్తం అబద్ధమే అయితే తోసిపుచ్చడం తేలికయ్యేది. ఇందులో కొంత నిజం ఉంది, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే మిగతాది చెలామణీ అవుతోంది. అందుకని నిజం ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ ఆగిపోయిందో చూడాలి.

జబ్బు సంగతి ముందు. 1912లో జపాన్‌లో హకారు హషిమోటో అనే యువ వైద్యుడు నలుగురు ఆడవాళ్ళ థైరాయిడ్ గ్రంథుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. గ్రంథి నిండా లింఫోసైట్లు, అంటే తెల్ల రక్తకణాలు, చొరబడి ఉన్నాయి. ఎందుకో అప్పటికి ఎవరికీ తెలియలేదు. శరీరం తన మీద తానే దాడి చేసుకోదన్న నమ్మకం వైద్యలోకంలో గట్టిగా నాటుకుని ఉన్న కాలం అది. 1956లో ఆ నమ్మకం కూలింది. లండన్‌లో రాయిట్, డోనియాక్, క్యాంప్‌బెల్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపెట్టారు. అదే ఏడాది అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్ళలో ఇలాంటి జబ్బునే తెప్పించి చూపారు. గ్రంథిని నెమ్మదిగా తినేసి హార్మోను తగ్గించేది హషిమోటో జబ్బు. గ్రంథిని రెచ్చగొట్టి హార్మోను విపరీతంగా పెంచేది గ్రేవ్స్ జబ్బు. రెండూ ఒకే కుటుంబంలో, ఒక్కోసారి ఒకే మనిషిలో కనిపిస్తాయి.

మన దేశంలో ఇది చిన్న సమస్య కాదు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5,360 మంది పెద్దవాళ్ళని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 10.95 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోను తక్కువ కావడం, తేలింది. థైరాయిడ్ మీద దాడికి గుర్తైన టీపీఓ యాంటీబాడీలు 21.85 శాతం మందిలో ఉన్నాయి. ఇంతమంది ఉన్నచోట తప్పుడు సలహా చేసే చెరుపు కూడా అంత పెద్దదిగానే ఉంటుంది.

ఇప్పుడు నిజమైన భాగానికి వద్దాం. జన్యువులే అంతా నిర్ణయిస్తాయనుకుంటే, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు వస్తే రెండోవారికీ తప్పకుండా రావాలి. డెన్మార్క్ కవలల మీద థామస్ బ్రిక్స్ బృందం 2000, 2001 సంవత్సరాల్లో ప్రచురించిన లెక్కల ప్రకారం అలా జరగడం లేదు. హషిమోటో తరహా హైపోథైరాయిడిజం విషయంలో ఇద్దరికీ రావడం 55 శాతం. గ్రేవ్స్ విషయంలో 35 శాతం. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో ఈ సంఖ్యలు 0, 3. అంటే జన్యువుల పాత్ర చాలా పెద్దది, కానీ అదే సర్వస్వం కాదు.

ప్రచారకులు పట్టుకునేది ఈ ఖాళీనే. "చూశారా, మిగతా 45 శాతం మీ చేతుల్లో ఉంది" అంటారు. ఆ ఖాళీలో ఏముందో వాళ్ళు చెప్పరు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఏ శత్రువుని గుర్తుపట్టాలో తేల్చే గ్రాహకాలు పుట్టేటప్పుడు జన్యు ముక్కలు యాదృచ్ఛికంగా కలుస్తాయి. యాంటీబాడీల్లో ఇలా జరుగుతుందని రుజువు చేసినందుకే సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. ఒకే డీఎన్ఏ ఉన్న కవలలకైనా టీ కణాల సమూహం ఒకేలా ఉండదు. థైరాయిడ్ మీదికి ఎగబడే కణం ఒకరిలో పుట్టవచ్చు, రెండోవారిలో పుట్టకపోవచ్చు. దీనికి తిండితో సంబంధం లేదు, ఆలోచనలతో సంబంధం లేదు. పసితనంలో సోకిన వైరస్ కూడా ఆ ఖాళీలోనే ఉంది. జన్యువు కానిదంతా మన చేతిలోనిదే అనడం తర్కానికి నిలవదు. మన జీవితంలో జన్యువూ కాని, మన ఎంపికా కాని సంగతులే ఎక్కువ.

ఇక ఎపిజెనెటిక్స్. ఈ పేరు 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ పెట్టాడు. ఒకే జన్యువులున్న కణాల్లో ఒకటి గుండె కణంగా, ఇంకొకటి చర్మకణంగా ఎలా మారుతోందన్నది ఆయన ప్రశ్న. తర్వాతి తరాలకి తెలిసిన జవాబు స్థూలంగా ఇది: డీఎన్ఏ మీద అక్కడక్కడా మిథైల్ గుంపులు అతుక్కుంటాయి, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రొటీన్ల మీద రసాయన గుర్తులు పడతాయి, చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు కొన్ని సందేశాల్ని మధ్యలో ఆపేస్తాయి. వీటన్నిటి ఫలితంగా ఒక జన్యువు పలుకుతుంది, ఇంకొకటి మౌనంగా ఉంటుంది. అక్షరం మారదు, పలకడం మారుతుంది.

థైరాయిడ్ విషయంలో దీని మీద జరిగిన మంచి పని ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రచారానికి నేరుగా ఎదురు తిరుగుతుంది. హెపటైటిస్-సి కి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చే రోజుల్లో కొందరు రోగులకి కొత్తగా థైరాయిడ్ జబ్బు వచ్చేది. అందరికీ కాదు, కొందరికే. యారోన్ టోమర్ బృందం కారణం వెతికింది. థైరోగ్లోబ్యులిన్ అనే థైరాయిడ్ ప్రొటీన్ జన్యువుకి ముందుండే భాగంలో ఒక ప్రత్యేకమైన అక్షరభేదం ఉన్నవాళ్ళలో, ఇంటర్‌ఫెరాన్ తగిలినప్పుడు అక్కడి హిస్టోన్ గుర్తులు మారి ఆ జన్యువు పలికే తీరు మారుతోందని 2011లో చూపారు. 2014లో ఇంకో అడుగు వేశారు. టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో శిక్షణ పొందుతాయి, సొంత శరీరాన్ని శత్రువనుకునేవి అక్కడే ఏరివేతకు గురవుతాయి. థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోను గ్రాహక జన్యువులో ఒక రకం అక్షరభేదం ఉంటే, ఇంటర్‌ఫెరాన్ సమక్షంలో థైమస్‌లో ఆ గ్రాహకం తక్కువగా తయారవుతుంది. నమూనా సరిగ్గా కనిపించనప్పుడు ఏరివేత సరిగ్గా జరగదు, గ్రేవ్స్‌కి దారి తెరుచుకుంటుంది.

ఇందులో ఎపిజెనెటిక్ మార్పు జన్యువుకి పోటీగా రాలేదు, జన్యువు మీద ఆధారపడి వచ్చింది. ఆ అక్షరభేదం లేకపోతే ఆ గుర్తు అక్కడ పడదు. "జన్యువులు కాదు, ఎపిజెనెటిక్స్" అనేవాళ్ళు ఈ పరిశోధన సారాన్ని తలకిందులుగా చెబుతున్నారు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా బలమైన ఉదాహరణ ఉంది. ఈ జబ్బులు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎన్నో రెట్లు ఎక్కువ. కారణాల్లో ఒకటని అనుమానిస్తున్నది ఎక్స్ క్రోమోజోమ్ నిశ్శబ్దం కావడం. స్త్రీలో రెండు ఎక్స్‌లు ఉంటాయి, ప్రతి కణంలోనూ ఒకటి మూగబోతుంది. ఈ సంగతి 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. మామూలుగా తల్లి ఎక్స్, తండ్రి ఎక్స్ దాదాపు సమానంగా మూగబోతాయి. కొందరిలో ఒకవైపే మొగ్గు ఉంటుంది. ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్న స్త్రీలలో ఈ మొగ్గు ఎక్కువగా కనిపిస్తోందని డెన్మార్క్, టర్కీ అధ్యయనాలు చెప్పాయి. స్త్రీ శరీరంలో జరిగే అతిపెద్ద ఎపిజెనెటిక్ సంఘటనల్లో ఇదొకటి. ఇది ఎప్పుడు జరుగుతుంది? ఆమె ఇంకా తల్లి గర్భంలో కొద్ది రోజుల పిండంగా ఉన్నప్పుడు. ఆ తర్వాత జీవితాంతం అలాగే ఉంటుంది. ఏ అమ్మాయి ఏ అలవాటుతో దాన్ని ఎంచుకుంది? ఏ ప్రాణాయామంతో దాన్ని తిప్పగలదు?

రోగుల రక్తంలో మిథైలేషన్ తేడాలు కనిపించాయన్న అధ్యయనాలు చాలా ఉన్నాయి. వాటిని నేను తక్కువ చేయను. కానీ వాటిని చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వదలకూడదు. రక్తంలో ఎన్నో రకాల కణాలుంటాయి, ఒక్కో రకానికి ఒక్కో గుర్తుల తీరు. జబ్బులో కణాల పాళ్ళు మారితే, ఏ కణంలోనూ గుర్తు మారకపోయినా మొత్తం లెక్క మారినట్టు కనిపిస్తుంది. రెండోది, గుర్తు మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల గుర్తు మారిందా? జబ్బు మొదలయ్యాక ఒక్కసారి తీసిన రక్తం ఈ ప్రశ్నకి జవాబివ్వలేదు. పరిశోధకులు తమ వ్యాసాల్లో ఈ పరిమితుల్ని రాసుకుంటారు. అవి వీడియోలోకి వచ్చేసరికి మాయమవుతాయి.

"ఎపిజెనెటిక్ గుర్తులు చెరిపేయొచ్చు" అన్నది వాళ్ళ తర్వాతి మాట. చెరిపే మందులు ఉన్నమాట నిజమే. ఎముక మజ్జ జబ్బుకి వాడే అజాసిటిడిన్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మిథైల్ గుర్తుల్ని శరీరమంతటా తగ్గిస్తుంది. ఫలానా జన్యువు మీద మాత్రమే అని దానికి చెప్పలేం, దుష్ఫలితాలు భరించాల్సిందే. క్యాన్సర్ వైద్యంలో వాడే శక్తిమంతమైన మందుకే లేని గురి ఒక గ్లాసు కషాయానికి ఉందనుకోవడానికి ఆధారం ఏదీ లేదు. పైగా, గుర్తు చెరిగిందే అనుకుందాం. హషిమోటోలో ఏళ్ళ తరబడి దాడికి గురై గ్రంథి కణజాలం నశించి పీచుగా మారిపోయి ఉంటుంది. ఇల్లు కాలిపోయాక నిప్పు ఆర్పినంత మాత్రాన ఇల్లు తిరిగి రాదు.

అసలు మాట ఇప్పుడు చెప్పాలి. ఎపిజెనెటిక్స్ పేరుతో మాత్ర మానమనేవాళ్ళకి తెలియనిది, తెలిస్తే నోరెత్తలేనిది ఒకటుంది. థైరాయిడ్ హార్మోను పనిచేసేదే ఆ మార్గంలో. మాత్రలోని టీ4, అంటే థైరాక్సిన్, శరీరంలో టీ3గా మారుతుంది, టీ3 కణ కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్ఏ మీద కూర్చున్న తన గ్రాహకాన్ని చేరుతుంది. టీ3 లేనప్పుడు చాలా జన్యువుల దగ్గర ఆ గ్రాహకం హిస్టోన్ల మీది ఎసిటైల్ గుర్తుల్ని తొలగించే ఎంజైముల్ని తన చుట్టూ పోగేసుకుని జన్యువుని మూసి ఉంచుతుంది. టీ3 చేరగానే ఆ గుంపు తప్పుకుంటుంది, ఎసిటైల్ గుర్తులు పెట్టే గుంపు వస్తుంది, జన్యువు తెరుచుకుంటుంది. గుండెలో, కాలేయంలో, ఎదిగే మెదడులో ఇదే జరుగుతోంది. అంటే ఈ రోగుల్లో జన్యువులు పలికే తీరుని నిజంగా సరిదిద్దుతుందని రుజువున్న పదార్థం ఒకటుంది, అది రోజూ పరగడుపున వేసుకునే ఆ చిన్న మాత్ర. దాన్ని ఆపడమంటే వేల హిస్టోన్ గుర్తుల్ని తప్పు దారి పట్టించడం. ఎపిజెనెటిక్స్ మీద గౌరవం ఉన్నవాడెవడూ ఆ సలహా ఇవ్వడు.

"మరి ఫలానా ఆవిడకి తగ్గింది కదా" అంటారు. తగ్గి ఉండవచ్చు. టీఎస్‌హెచ్ కాస్త మాత్రమే పెరిగి, టీ4 మామూలుగా ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ వైద్యం లేకుండానే తర్వాతి పరీక్షలో మామూలుకొస్తుంది. ప్రసవం తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు ఎక్కువమందిలో ఏడాది లోపల సర్దుకుంటుంది. కొద్దిమందిలో గ్రంథిని అడ్డుకునే యాంటీబాడీలు వాటంతటవే తగ్గి గ్రంథి మళ్ళీ పనిచేస్తుంది. ఆ కాలంలో తాగిన నీళ్ళకి, తిన్న గింజలకి పేరొస్తుంది. ఇంకో కారణం మరీ ప్రమాదకరమైంది. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. మాత్ర ఆపిన వారానికి, పది రోజులకి ఒంట్లో ఏ తేడా తెలియదు. "ఆపేశాను, హాయిగా ఉన్నాను" అని వ్యాఖ్య పెట్టేది అప్పుడే. బరువు, నీరసం, మలబద్ధకం, చలి, పెరిగిన కొలెస్ట్రాల్ నెలల మీద వస్తాయి. అప్పటికి ఆ వ్యాఖ్యని చూసి ఇంకో నలుగురు మానేసి ఉంటారు.

జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు మింగేవాళ్ళు కూడా జాగ్రత్తపడాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువగా, హార్మోనుని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది. జబ్బు తగ్గిందని, మాత్ర ఎక్కువైందని పొరబడే వీలుంది. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

తిండి విషయంలో కూడా ఇంతే గజిబిజి చేశారు. సిరిధాన్యాలు థైరాయిడ్‌ని తగ్గిస్తాయని మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా చెబుతున్నారు. సజ్జల్లోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ ఎంజైముని అడ్డుకుంటాయని, సజ్జలే ప్రధాన ఆహారమైన సూడాన్ ప్రాంతాల్లోని గలగండానికి అవి తోడయ్యాయని 1989లోనే గైటన్ బృందం చూపింది. అయోడిన్ సరిపడా అందుతుంటే మామూలుగా తినే సజ్జ రొట్టెతో భయం లేదు, మధుమేహం ఉన్నవాళ్ళకి చిరుధాన్యాలు మంచివే. కానీ థైరాయిడ్‌కి మందు అనడం ఉన్న ఆధారానికి వ్యతిరేకం. గ్లూటెన్ మానడం సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకి అవసరం, మిగతావాళ్ళకి కాదు. సెలీనియం బిళ్ళలు యాంటీబాడీల అంకెని కొంత తగ్గించవచ్చు, గ్రంథిని మాత్రం కాపాడినట్టు రుజువు లేదు.

అయోడిన్ ఉప్పు మానేసి రాతి ఉప్పు వాడమనే సలహా నన్ను ఎక్కువ బాధిస్తుంది. అయోడిన్ మరీ ఎక్కువైనా ఆటోఇమ్యూన్ థైరాయిడ్ పెరుగుతుందన్నది నిజం. చైనాలో మూడు ప్రాంతాల్ని ఐదేళ్ళు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఆ మాట స్పష్టంగా చెప్పింది. కానీ లోపం తెచ్చే నష్టం దానికన్నా ఘోరమైనది. దాన్ని మన దేశానికి నిరూపించి చూపినవాళ్ళలో ముందువరసలో నిలిచింది శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956లో ఆయన బృందం హిమాచల్ కాంగ్రా లోయలో మొదలుపెట్టిన ప్రయోగంలో అయోడిన్ కలిపిన ఉప్పు తిన్న ప్రాంతాల పిల్లల్లో గలగండం తగ్గింది, కలపని ఉప్పు తిన్న ప్రాంతంలో తగ్గలేదు. 1962లో జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఆ పోరాటఫలాన్ని ఒక వీడియో చూసి వంటింట్లోంచి తీసేస్తే, నష్టపోయేది ఆ ఇంట్లో కడుపుతో ఉన్న కోడలూ ఎదిగే పిల్లలూ.

అలవాట్లకి అసలు పాత్రే లేదా? ఉంది. పొగ తాగడం గ్రేవ్స్ ముప్పుని పెంచుతుంది, కళ్ళు ముందుకి పొడుచుకొచ్చే ఉపద్రవాన్ని ఇంకా పెంచుతుంది. గ్రేవ్స్ ఉన్నవాళ్ళు పొగ మానడం మందంత ముఖ్యం. చిత్రమేమిటంటే అదే పొగ తాగేవాళ్ళలో హషిమోటోకి గుర్తైన టీపీఓ యాంటీబాడీలు తక్కువగా కనిపిస్తాయి. ఒకే అలవాటు రెండు జబ్బుల్లో రెండు దిక్కులకి లాగుతోంది. అందుకోసం ఎవరినీ పొగ తాగమనం. గుండె, ఊపిరితిత్తులు ఉన్నాయి. కానీ "మంచి జీవనశైలి మంచి గుర్తులు పెడుతుంది, చెడ్డది చెడ్డ గుర్తులు పెడుతుంది" అనే సూత్రం ఈ ఒక్క నిజం ముందు నిలబడదు.

ఈ వాదం చేసే అన్యాయాల్లో నాకు క్షమించరానిదిగా కనిపించేది వేరే ఉంది. జబ్బు నీ చేతుల్లో ఉందని చెప్పడంలోనే, జబ్బు నీ తప్పని చెప్పడం ఉంది. ఈ జబ్బు ఎక్కువగా ఆడవాళ్ళది. ఆఫీసు, వంట, పిల్లలు, అత్తమామల మందులు అన్నీ చూసుకుంటున్న మనిషికి "నువ్వు ఒత్తిడి పెట్టుకున్నావు కాబట్టే నీ జన్యువులు ఆన్ అయ్యాయి" అని తీర్పు చెబుతున్నారు. కూతురికి వస్తే "కడుపుతో ఉన్నప్పుడు నువ్వు ఏడ్చావు, అందుకే" అని తల్లిని అంటున్నారు. పెళ్ళి సంబంధాల్లో థైరాయిడ్ సంగతి దాచే ఇళ్ళు ఇప్పటికే ఉన్నాయి. దాచిన మాత్ర సరిగ్గా వేసుకోలేని మాత్ర అవుతుంది. ఈ కొత్త సిద్ధాంతం ఆ సిగ్గుని ఇంకా పెంచుతోంది. ఏ శాస్త్రమూ ఈ నింద వేయమని చెప్పలేదు.

డాక్టర్లకీ ఒక మాట. చీటీ మీద మోతాదు రాసి, "జీవితాంతం వాడాలి" అని ఒక్క వాక్యంతో పంపేస్తే, ఆ మనిషి ప్రశ్నలన్నీ ఫోన్‌లోకే వెళతాయి. ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గదు, ఎవరికి మానవచ్చు, ఎలా తెలుసుకోవాలి అని ఐదు నిమిషాలు చెబితే చాలు. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగిన ప్రతివాళ్ళకీ మాత్ర మొదలుపెట్టడం కూడా సరికాదు. అలా అవసరం లేకుండా మొదలైన మాత్రలు తర్వాత ఆగినప్పుడే, కషాయం కథలకి సాక్ష్యాలు పుడుతున్నాయి.

1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్ ఇచ్చిన, హైపోథైరాయిడిజం ముదిరిన 46 ఏళ్ళ స్త్రీ, ఆ వైద్యంతో ఇంకో 28 ఏళ్ళు బతికింది. అంతకుముందు ఆ స్థితిలో ఉన్నవాళ్ళకి ఏ దారీ లేదు. ఇప్పుడు ఆ హార్మోను శుద్ధంగా, చవకగా మన వీధి మందులషాపులో దొరుకుతోంది.

కాబట్టి చదివేవాళ్ళలో ఈ మాత్ర వాడుతున్నవాళ్ళకి నా విన్నపం: మీ అంతట మీరు ఆపకండి. పరగడుపున వేసుకోండి, కాల్షియం, ఐరన్ బిళ్ళలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచండి, మోతాదు మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోండి. మానవచ్చేమో అన్న అనుమానం ఉంటే డాక్టరుని అడిగి, పరీక్షల కాపలాలో ప్రయత్నించండి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకి చెప్పండి, ఎందుకంటే మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడుకి అందే థైరాక్సిన్ అంతా తల్లిదే. ఆ నెలల్లో మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది, తగ్గించడం కాదు.